నొప్పించకుండా గేటు వేయడం ఎలా

నాయనా,

మన బడికి నువ్వు హెడ్మాస్టరుగా వస్తున్నావని తెలిసి సంతోషించాను. ఏడో తరగతిలో నా దగ్గర గోడకుర్చీ వేసినవాడివి, రేపటి నుంచి నా కుర్చీలో కూర్చుంటావు. ఛార్జి అప్పగించేటప్పుడు బీరువా తాళాలు, స్టాకు రిజిస్టరు, మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క ఎవరైనా ఇస్తారు. అసలు విద్యను మాత్రం ఎవరూ కాగితం మీద పెట్టరు. అందులో ఒక్క ముక్క నీకోసం రాస్తున్నాను. కాలో కన్నో చెవో సరిగా లేని పిల్లను చంకనేసుకుని ఒక తల్లి నీ గేటు ముందుకు వస్తుంది. ఎవరి మనసూ నొప్పించకుండా ఆ గేటు ఎలా వేయాలన్నదే ఆ ముక్క.

కసురుకోవడం, తరమడం పాతకాలపు పద్ధతులు. ఇప్పుడు వాటికి శిక్ష ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 92వ సెక్షన్ చూడు. నలుగురి ముందు కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. జాలిపడితే ఏ సెక్షనూ లేదు. కాబట్టి జాలిపడు. పులికాట్ సరస్సు గట్టున ముప్పై ఏళ్లు పనిచేసి నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాటలో ఉంది. జాలికి రూపాయి ఖర్చు లేదు, ఆడిట్ లేదు, పైగా మంచివాడన్న పేరు వస్తుంది.

మొదట కుర్చీ వేయించు. మంచినీళ్లిప్పించు. పిల్ల తల నిమురు. పేరు మాత్రం పిల్లను అడక్కు, తల్లిని అడుగు. ‘పాప మాట్లాడుతుందా అమ్మా?’ అన్నది కూడా తల్లినే అడుగు, పనిచేయనివి కాళ్లేనని నీ కంటికి కనపడుతున్నా సరే. కాళ్లు లేకపోతే చెవులూ ఉండవన్నట్టు గట్టిగా, అక్షరం అక్షరం విడగొట్టి మాట్లాడు. ఆ పిల్ల పన్నెండో ఎక్కం గడగడా అప్పజెప్పినా కంగారు పడొద్దు. ‘ఎంత తెలివో! దేవుడు ఒకటి తీసుకుని ఒకటిచ్చాడు’ అని నిట్టూర్చు. ఆ నిట్టూర్పుతోనే సగం గేటు పడిపోతుంది.

మిగతా సగానికి రెండు మాటలు చాలు. మొదటిది: ‘చేర్చుకోకూడదని కాదమ్మా, మా దగ్గర సౌకర్యాలు లేవు.’ మెట్లు కట్టించింది మనమే, ర్యాంపు కట్టించనిదీ మనమే. అయినా ఈ మాట అన్నాక లోపమంతా పిల్ల కాళ్లలోకే పోతుంది. దీన్ని తిరిగి ప్రశ్నించిన తల్లి నా సర్వీసులో లేదు. రెండోది: ‘మిగతా పిలకాయలు ఏడిపిస్తారు, పసిమనసు నొచ్చుకుంటుంది.’ ఏడిపించేవాళ్లు మన బడి పిలకాయలే. వాళ్లకు బుద్ధి చెప్పడం మన ఉద్యోగమే. అరవైమందికి బుద్ధి చెప్పడం కన్నా ఒక్క పిల్లను ఇంటికి పంపడం తేలిక కాదూ!

అయితే పేరు రాయకుండా పంపొద్దు, అక్కడ దొరికిపోతావు. ఆరో ఏడు నుంచి పద్దెనిమిదో ఏడు దాకా దగ్గరి బడిలోనో, వాళ్లు కోరుకుంటే ప్రత్యేక బడిలోనో ఉచితంగా చదువుకునే హక్కు ఉందని అదే చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. కోరుకోవాల్సింది వాళ్లు అన్న సంగతి మనం ఎత్తకూడదు, అంతే. పేరు రాయి, ప్రత్యేక అవసరాల పిల్లల లెక్కలో ఒక అంకె పెంచు, తర్వాత ‘మండలంలో భవిత కేంద్రం ఉందమ్మా, అక్కడ టీచర్లు స్పెషల్‌గా చూసుకుంటారు’ అని దారి చూపించు. ఆ కేంద్రం టీచర్లు మంచివాళ్లే, పని తెలిసినవాళ్లే. బడికి తోడుగా పెట్టిన కేంద్రాన్ని బడికి బదులుగా వాడుకోవడమే మన నేర్పు. ఇక తిరుపతిలో దేవస్థానం వాళ్ల బధిర పాఠశాల ఉంది, బర్డ్ ఆసుపత్రి ఉంది. ఎంత పెద్ద సంస్థ పేరు చెబితే నీ గేటు అంత మర్యాదగా మూసుకుంటుంది.

ర్యాంపు గురించి పై నుంచి కాగితాలు వస్తుంటాయి. దానికి లెక్క తెలుసుకో. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల వాలు కావాలి. మన వరండా అడుగున్నర. అంటే పద్దెనిమిది అడుగులు, దాదాపు జెండా దిమ్మె దాకా వస్తుంది. పంద్రాగస్టుకు పిలకాయలు ఎక్కడ నిలబడతారు? అందుకని కాంట్రాక్టరు చేత వెనకవైపు ఆరడుగుల్లో కట్టించాను. దాని మీద చక్రాల కుర్చీ వదిలితే తిన్నగా వంటగదిలో సాంబారు గుండిగ దగ్గర ఆగుతుంది. ఎవరూ వదల్లేదనుకో. ఇప్పుడక్కడ అయ్యవార్లు బండ్లు పెట్టుకుంటున్నారు. ఫొటోలో మాత్రం ర్యాంపు ర్యాంపులాగే పడుతుంది, ఇన్స్పెక్షన్ రిపోర్టుకు అది చాలు.

చట్టానికి నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ అయిదేళ్లలో అందరికీ అందుబాటులోకి రావాలన్నారు. 2022 జూన్ వచ్చింది, పోయింది. రాజీవ్ రతూరి అనే చూపులేని పెద్దమనిషి 2005లోనే దీనిమీద సుప్రీంకోర్టుకెక్కాడు. 2024 నవంబర్ 8న కోర్టు అందుబాటు ప్రమాణాల 15(1) నియమాన్ని కొట్టేసింది. చట్టం ‘చేసి తీరాలి’ అంటుంటే నియమం ‘చేస్తే బాగుంటుంది’ అన్నట్టుందని దాని తప్పు పట్టుకుంది. మనకు మాత్రం ఆ ‘చేస్తే బాగుంటుంది’లోనే రిటైర్మెంటు దాకా ప్రాణం ఉంది. ఎవరైనా అడిగితే ‘ఎస్టిమేట్ పంపించాం’ అను.

2025 జనవరి 29న పొద్దున ఆరూ ఇరవై మూడుకు శ్రీహరికోట నుంచి నూరో రాకెట్టు లేచింది. మన బడి కిటికీ రెక్కలు గజగజలాడాయి. పిలకాయలతో కలిసి గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాం. ఆ మధ్యాహ్నమే ఇంజనీరుకు ఫోన్ చేస్తే, అడుగున్నర ఎక్కించడం టెక్నికల్‌గా కష్టం సార్ అన్నాడు. నేను ఒప్పుకున్నాను. నువ్వూ ఒప్పుకో, ఇంజనీర్లతో గొడవ పెట్టుకోకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. తల్లులతో ఇబ్బంది లేదు, పడవ నడిపే తండ్రులతోనే జాగ్రత్తగా ఉండాలి. తడ వైపు ఒక పాళెం నుంచి ఒకాయన కూతుర్ని మూడు చక్రాల బండిలో తోసుకుంటూ వచ్చాడు. కుర్చీ వేశాను, నీళ్లిప్పించాను, నిట్టూర్చాను. ‘సౌకర్యాలు లేవబ్బా’ అన్నాను. ఆయన కాసేపు చెరువు వైపు చూసి, ‘అయ్యోరూ, ఇరకం దీవి పిలకాయలు చదువుకోడానికి నీళ్లు దాటి వస్తారు గదా. వాళ్లేమన్నా నీళ్ల మీద నడిచొస్తారా?’ అన్నాడు.

‘పడవలో వస్తారు.’

‘నీళ్ల మీద నడిచే శక్తి నాకూ లేదు, మీకూ లేదు. పడవ ఏసుకోబట్టి ఎవురికీ తెలవడంలా. పడవను స్పెషల్ సౌకర్యం అని యాడన్నా రాస్తారా మీరు?’

నాయనా, ఇలాంటి మాటలను మొదట్లోనే తుంచేయాలి. ఈ లెక్కన పోతే మెట్లూ సౌకర్యమే అంటాడు. మెట్లు లేకపోతే నువ్వూ నేనూ అడుగున్నర గోడను పాక్కుంటూ ఎక్కాలి కాబట్టి, మెట్లు కాళ్లున్నవాళ్లకు కట్టిచ్చిన స్పెషల్ సౌకర్యం అంటాడు. నల్లబల్ల చూపున్నవాళ్ల కోసం, గంట చెవులున్నవాళ్ల కోసం, నా కళ్లజోడు నాకోసం అని ఎక్కడిదాకా పోతుందో తెలియదు. నేను ‘ఎంఈఓ గారిని కలవండి’ అన్నాను. ఎంఈఓ గారు ఆ రోజు మీటింగులో ఉన్నారు. ఆయన ఎప్పుడూ ఉంటారు.

ఆ తండ్రి పట్టిన పట్టు వదల్లేదు. చేర్చుకోక తప్పలేదు. నీకూ ఎప్పుడో ఒకసారి ఇలా తప్పకపోవచ్చు కాబట్టి, చేరిన తర్వాత ఏం చేయాలో కూడా రాస్తాను.

అన్నిటికన్నా గట్టి ఉపాయం మరుగుదొడ్డి. నువ్వు ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచు. తలుపు రెండడుగులు, ముందొక గడప, లోపల పట్టుకోడానికి కమ్మీ లేదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆ పిల్ల నీళ్లు తాగేది కాదు. మన ఎండలెలా ఉంటాయో నీకు తెలుసు. మధ్యాహ్న భోజనంలో కూడా అన్నం తక్కువ పెట్టించుకునేది, గుడ్డు పక్కపిల్లకు ఇచ్చేసేది. ‘ఆ పిల్లకు ఆకలి తక్కువ’ అని వంటమనిషి అంది. నేనూ అదే అనుకున్నాను. నెలలో అయిదారు రోజులు బడికి రాకపోతే ‘చదువు మీద శ్రద్ధ తగ్గింది’ అని రిజిస్టరులో రాసుకున్నాను. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు చూశావా? అదీ పద్ధతి.

ఆటల పీరియడ్‌లో బ్యాగులకు కాపలా పెట్టు. నమ్మకమైన పిల్ల అన్న పేరొస్తుంది. నేలపట్టుకు పిక్నిక్ పోయిన రోజు ‘నీకు శ్రమ ఎందుకమ్మా, ఇంట్లో విశ్రాంతి తీసుకో’ అను. పిలకాయలు గూడబాతుల్ని చూసి వచ్చి చెబుతారు, వింటుంది.

తెలుగు పాఠం చెప్పేటప్పుడు మన సామెతలు బాగా వాడు. చెవి మిషన్ పెట్టుకున్న పిల్లాడు ముందు బెంచీలో ఉన్నప్పుడే ‘చెవిటివాడి ముందు శంఖమూదినట్టు’ బాగా పండుతుంది. మందపాటి కళ్లజోడు పిల్లాడు లెక్క తప్పితే ‘గుడ్డెద్దు చేలో పడ్డట్టు’. ఏదో ఒకటి దొరికిందిలే అనాలంటే ‘గుడ్డికన్నా మెల్ల నయం’. మన భాష ఈ విషయంలో చాలా ధనికురాలు, ఎవరినీ ఖాళీ చేతులతో పంపదు. ఎవరైనా అభ్యంతరపెడితే ‘జాతి సంపద’ అను. ఒక్క ‘కుంటిసాకు’ దగ్గర మాత్రం నాకు కొంచెం తికమక. ర్యాంపు ఎందుకు కట్టలేదో పై వాళ్లకు పదిహేడు సమాధానాలు రాశాను. అవన్నీ కుంటిసాకులేనని రాస్తున్నప్పుడే నాకు తెలుసు. నా రెండు కాళ్లూ బాగానే ఉన్నాయి మరి.

పైకి కనపడని లోపాలతో ఇంకా సుఖం. నత్తి ఉన్న పిల్లాడి చేత ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించు, నవ్వేవాళ్లు నవ్వుతారు, వాడు మర్నాటి నుంచి ఆలస్యంగా వస్తాడు, ఆలస్యానికి శిక్ష వేయొచ్చు. అక్షరాలు పట్టుకోలేక తడబడే పిల్లల్ని మొద్దులనే అను. ఆ ఇబ్బందిని కూడా 2016 చట్టం తన 21 రకాల వైకల్యాల జాబితాలో చేర్చింది, కానీ స్టాఫ్ రూములో ఆ జాబితా ఎవరూ అతికించలేదు. అదే చట్టం 17వ సెక్షన్ పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు ఇవ్వమంటుంది. గంటకు ఇరవై నిమిషాలు అదనం, మూడు గంటల పరీక్షకు ఒక గంట. అడిగితే ఇవ్వక తప్పదు. కాబట్టి అడగాలని తెలియకుండా చూడు. తెలిసి అడిగితే మిగతా పిల్లల ముందు ‘నీకేంలే, నీకు గంట ఎక్కువ’ అని నవ్వుతూ అను. రెండోసారి అడగరు.

బడి గోడ దాటితే ఊరు నీకు సాయం చేస్తుంది. పెదవి చీలి పుట్టిన బిడ్డకు మన భాషలో ఉన్న పేరేమిటి? గ్రహణం మొర్రి. జబ్బు పేరులోనే ముద్దాయి ఉంది: కడుపుతో ఉండి గ్రహణం రోజు బయట తిరిగిన తల్లి. ఆపరేషన్‌తో సరిచేయగల పెదవి అది. 2023 జూలై 14న చంద్రయాన్-3 లేచింది మన ఎదురుగట్టు నుంచే. దాని పొగ ఇంకా గాల్లో ఉండగానే గట్టు మీద నా పక్కన నిలబడ్డ ఒక పెద్దమ్మ, అలాంటి పసిబిడ్డను ఎత్తుకున్న కోడలిపిల్లను ‘ఆ రోజు చంద్రుణ్ణి చూశావా ఏందే?’ అని అడిగింది. పక్కన నేను సైన్సు టీచర్ని. గొంతు సవరించుకుని ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా ఒక కళ. మేనరికం ఊసు మాత్రం ఎప్పుడూ ఎత్తొద్దు. తల్లి ఒక్కదాన్నే అంటే పంచాయితీ ఉండదు, రెండు వైపులా పెద్దల్ని అంటే పెళ్లిళ్లు ఆగిపోతాయి.

పేర్లు మార్చడంలో వెనకబడొద్దు. ఒకప్పుడు అవిటివాళ్లు అన్నాం, తర్వాత వికలాంగులు. 2015 డిసెంబర్‌లో ప్రధానమంత్రి రేడియోలో ‘దివ్యాంగ్’ అనమన్నారు, దివ్యాంగులు అన్నాం. మన రాష్ట్రంలో శాఖ పేరు విభిన్న ప్రతిభావంతులది. ఒక్కో మార్పుకు బోర్డు మీద రంగు ఖర్చే. సిమెంటు అక్కర్లేదు. వాళ్లనే అడిగితే పేరు సంగతి తర్వాత, ముందు బస్సు మెట్టు ఎత్తు తగ్గించమంటారు, అందుకని అడగొద్దు. బస్సంటే గుర్తొచ్చింది. వాళ్ల సీటులో నువ్వు కూర్చున్నప్పుడు కర్ర చప్పుడు వినపడితే కిటికీలోంచి చెరువు చూడు. సూళ్లూరుపేట దాకా మంచి దృశ్యం.

డిసెంబర్ 3 ప్రపంచ వికలాంగుల దినం. 1992 నుంచి జరుగుతోంది. ఆ రోజు మాత్రం ఆ పిల్లను ముందు వరుసలో పెట్టు. శాలువా, రెండు అరటిపళ్లు, బ్రెడ్డు ప్యాకెట్టు, ‘ఆత్మస్థైర్యం’ అని రాసిన షీల్డు. స్టేజీకి అయిదు మెట్లుంటాయి కాబట్టి ఇద్దరు మగ అయ్యవార్లు ఎత్తుకుని ఎక్కించాలి. పదమూడేళ్ల ఆడపిల్ల, నలుగురి ముందు అలా ఎత్తించుకోవడం ఇష్టమో కాదో అడగాలన్న ఆలోచన ఫొటోగ్రాఫరుకు రాదు, నీకూ రానివ్వకు.

ఉపన్యాసంలో శ్రీకాంత్ బొల్లా కథ చెప్పు, తప్పకుండా చప్పట్లు పడతాయి. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో చూపు లేకుండా పుట్టి, అమెరికాలో ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాద్‌లో కంపెనీ పెట్టాడు. 2024లో సినిమా కూడా వచ్చింది. ‘చూడండి పిల్లలూ, పట్టుదల ఉంటే!’ అని ముగించు. మధ్యలో ఒక ముక్క మింగేయాలి. పదో తరగతి తర్వాత చూపులేనివాడికి సైన్సు కుదరదని మన రాష్ట్రంలోనే అడ్డుపడితే, అతను కోర్టుకు పోయాడు. నెలల తరబడి ఆగి, గెలిచి, చేరి, తొంభై ఎనిమిది శాతం తెచ్చుకున్నాడు. ఆ తర్వాత కూడా ఐఐటీ కోచింగుల వాళ్లు వద్దన్నారు. ఇదంతా చెప్పావంటే, ‘పట్టుదల’ అన్న మాటకు ఎదురుగా ఎవరు నిలబడి ఉన్నారని పిలకాయలు అడుగుతారు. మన ఉద్యోగమే నిలబడి ఉంటుంది.

చదువుకున్నవాళ్లే మన వైపు మాట్లాడినప్పుడు మనకు మరింత ధైర్యం. 2024 జూలైలో తెలంగాణలో ఒక సీనియర్ ఐఏఎస్ అధికారి ఎక్స్‌లో అడిగారు గదా, విమానం నడిపేవాడికో ఆపరేషన్ చేసే డాక్టరుకో వైకల్యం ఉంటే ఒప్పుకుంటారా, ఐఏఎస్‌లో మాత్రం కోటా ఎందుకని. చాలామంది కోప్పడ్డారు. అయితే మన స్టాఫ్ రూములో నలుగురు తలూపారు. ఆ తలలు నీకు పనికొస్తాయి.

ఇంకేమైనా అడిగితే పింఛన్ గుర్తుచెయ్యి. 2024 జూలై నుంచి నెలకు ఆరువేలు. ‘మాకే రావు అంత’ అని నవ్వు. దానికోసం వైకల్యం కొలిచే సదరం క్యాంపులో నలభై శాతం తేలాలని, 2025లో మళ్లీ పరీక్షలకు రమ్మని వేలమందికి నోటీసులిచ్చారని, డాక్టరు ముందు కుంటడం తగ్గితే డబ్బూ తగ్గుతుందని, కొంచెం మెరుగ్గా కనపడటమే ఆ ఇంట్లో భయమని నీకెందుకు?

ఇక మన పండగ. జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ పెడితే బస్సులేసి జనాన్ని తీసుకొస్తారు. అటకానితిప్ప దగ్గర బైనాక్యులర్లు, భీములవారిపాళెంలో పడవ షికారు. ‘చూడు చూడు, ఒంటికాలి మీద ఎట్లా నిలబడిందో!’ అని పిల్లల్ని భుజాలకెత్తుకుని చూపిస్తారు. 2017లో అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. ఒంటికాలి మీద నిలబడటానికి ఆ పక్షికి కండబలం దాదాపు అక్కర్లేదట. చచ్చిన పక్షిని నిలబెట్టినా అలాగే నిలబడిందట. కీళ్ల అమరిక అట్లాంటిది. ధైర్యమూ కాదు, ఆత్మస్థైర్యమూ కాదు, అమరిక. ఆ పరీక్ష గురించిన వ్యాసాన్ని స్టాఫ్ రూములో చదివి వినిపించాను. ఆ పిల్ల అప్పుడు వరండాలో ఉంది, విని ‘అంటే దానికి షీల్డు ఇవ్వరా సార్?’ అంది. అల్లరి పిల్ల. తొమ్మిదో తరగతిలో మానేసింది. నేను ‘కుటుంబ కారణాలు’ అని రాశాను.

అన్నట్టు, ఆ తండ్రి మొదటి వారంలోనే ఒక చెక్క తెచ్చి మెట్ల మీద వేశాడు. గట్టు మీది నుంచి పడవలోకి ఎక్కడానికి వేసుకునేది, పన్నెండు అడుగుల పొడవు, అంచులకు తారు పూసి ఉంటుంది. కొంచెం ఏటవాలు ఎక్కువైనా వెనకనుంచి ఒకరు తోస్తే పిల్ల వరండా ఎక్కేది. బడి ఆవరణలో ప్రైవేటు సామాను ఉండకూడదని తీయించాను. ఆయన తిరిగి పట్టుకెళ్లలేదు.

చెక్క ఇంకా బడిలోనే ఉంది, స్టోరు గది గోడకు ఆనించి పెట్టాను. వాన పడితే నీ బండిని వరండా మీదికి ఎక్కించుకోడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. చెదలు పట్టకుండా ఏడాదికోసారి తారు పూయించు, మంచి చెక్క.